ధాన్యం కట్టుబాట్లు తిరగరాసుకోవడం ఎలా?

మా ఊరి కాటా గది గోడకి ఒక అట్ట వేలాడుతూ ఉండేది. రైతులు, కమీషన్ వ్యాపారులు, మిల్లర్లు ఎప్పుడో కలిసి కూర్చుని రాసుకున్న కట్టుబాట్లు. అందులో మూడో అంశం: "బస్తాకు రెండు కిలోలు తరుగు." అంటే ప్రతి బస్తా తూకంలో రెండు కిలోలు కోసేసి లెక్కకట్టడం. రెండే ఎందుకు, ఒకటిన్నర ఎందుకు కాదు అంటే చెప్పేవాళ్లు లేరు. కాటా గుమస్తాగా ఆ అట్ట కిందే కూర్చుని ఏళ్ల తరబడి తరుగు కొట్టిన నాకూ తెలీదు.

చివరికి ఒక పెద్దాయన చెప్పాడు. ఆ రోజుల్లో కొడవళ్లతో కోసి, పనలు చేలోనే ఆరనిచ్చి, కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చేవారట. ధాన్యం కాటాకి వచ్చేసరికి నెమ్ము, అంటే గింజలో తేమ, ఎలాగూ తక్కువే. ఆ రెండు కిలోలూ తాలుకీ మట్టికీ పెట్టినవి. ఇప్పుడు పొద్దున్నే కోత మిషను చేలో దిగితే మధ్యాహ్నానికి ధాన్యం ట్రాక్టర్‌లో ఉంటోంది. తాలుని చాలావరకు మిషనే ఊదేస్తోంది. నెమ్ము మాత్రం ఇరవై శాతం దాటి వస్తోంది. కారణం ఎప్పుడో పోయింది, అంకె మాత్రం గోడ మీద ఉండిపోయింది.

మీ ఊళ్లోనో, మీ మార్కెట్ యార్డు పరిధిలోనో ఇలాంటి పత్రం ఒకటి ఉండి, దాన్ని సరిచేసే పని మీ నెత్తిన పడితే కింద చెప్పిన వరుసలో చేసుకోండి. మేము రెండుసార్లు చేశాం. మొదటిసారి పాడుచేశాం కాబట్టి రెండోసారి కొంచెం తెలివొచ్చింది.

ముందుగా సమయం చూసుకోండి, మనుషుల్ని చూసుకోండి

దాళ్వా (రబీ వరి) కోతలు, నూర్పిళ్లు అయ్యి, కాలువలు కట్టేశాక మొదలుపెట్టండి. సార్వా (ఖరీఫ్ వరి) ఆకుమళ్లు పోసేలోపు ముగించండి. మే నెల ఎండలో ఎవరికీ పెద్ద పని ఉండదు, మొన్నటి తగాదాలు ఇంకా గుర్తుంటాయి, తర్వాతి పంటకి ఇంకా టైముంటుంది. నవంబరులో మాత్రం పెట్టుకోకండి. కళ్లంలో ధాన్యం, నెత్తి మీద మబ్బు పెట్టుకుని ఎవరూ న్యాయం మాట్లాడలేరు. ఆ రోజున లారీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే చెల్లుతుంది.

కమిటీలో తొమ్మిది మందికి మించితే అది సభ అయిపోతుంది, పని జరగదు. మిల్లరు, కమీషన్ వ్యాపారి, సొంత భూమి రైతు ఎలాగూ ఉంటారు. మరిచిపోయేది మిగతావాళ్లని. కౌలు రైతు ఉండాలి. మన గోదావరి డెల్టాలో చాలాచోట్ల చేలో దిగేది కౌలుదారే. ఆయన లేకుండా చెల్లింపుల అంశం రాస్తే అది భూమి గట్టు మీద నిలబడి రాసినట్టే ఉంటుంది. బస్తాలు నింపి మోసే కూలీల ముఠాకి మేస్త్రి ఉండాలి. సంచి ఎంత నింపుతారో, ఎక్కడ ఒలుకుతుందో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు. కాటా వేసే గుమస్తా, ట్రాక్టర్ తోలే కుర్రాడు కూడా ఉండాలి.

ఇంకొకరు. రోడ్డు పక్కన బరకాల మీద ధాన్యాన్ని కాళ్లతో ఎగదోస్తూ ఆరబెట్టే ఆడవాళ్లలో ఒకరిని పిలవండి. మేము పిలిచినప్పుడు ఒకాయన నవ్వాడు. ఆవిడ రాశిలోంచి గింజ తీసి పంటి కింద పెట్టి, "ఇది ఇంకో పూట ఎండాలండీ" అంది. నెమ్ము కొలిచే మీటరు పెడితే 18 శాతం పైన చూపించింది. ఆ నవ్వినాయన తర్వాత రెండు మీటింగులూ ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

పాత పత్రం తెరవకండి, తగాదాల పుస్తకం తెరవండి

అందరూ చేసే పొరపాటు ఏమిటంటే పాత పత్రాన్ని ముందు పెట్టుకుని ఒకటో అంశం నుంచి చదువుతూ పోవడం. అలా చేస్తే ఉన్న మాటల్ని నునుపు చేస్తాం తప్ప, లేనివి కనపడవు. ముందు గడిచిన రెండు సార్వాలు, రెండు దాళ్వాల తగాదాలన్నీ ఒక పుస్తకంలో రాయండి. రాతపూర్వకంగా ఫిర్యాదు వచ్చినవే కాదు, టీ బడ్డీ దగ్గర అరుచుకుని వదిలేసినవి కూడా. ఒక్కోదానికీ నాలుగు ముక్కలు చాలు: ఏ రకం ధాన్యం, ఎక్కడ తేడా వచ్చింది, ఎలా తేల్చారు, పాత పత్రంలో దానికి అంశం ఉందా.

తర్వాత వాటిని కుప్పలు చేయండి. అంశం స్పష్టంగా ఉన్నా ఎవరో తప్పినవి ఒక కుప్ప. వీటికి పత్రం మార్చక్కర్లేదు, అమలు చేసే దమ్ము కావాలి. అంశం ఉంది కానీ ఎవరికి నచ్చినట్టు వాళ్లు చదువుకున్నవి రెండో కుప్ప. అసలు అంశమే లేనివి మూడోది. మా దగ్గర ఈ మూడోదే పెద్దదైంది. కోత మిషనూ, డ్రయ్యరూ, లారీని లోడుతో సహా తూచే వే బ్రిడ్జీ, ఫోన్‌లో వచ్చే డబ్బూ పాత పత్రం రాసిన నాడు లేవు కదా.

చట్టంతో తగులుకునే అంశాలు ఇంకో కుప్ప. వాటిని మర్యాదగా కొట్టేయండి.

మనకి పైన ఏమేం ఉన్నాయో చూసుకోండి

ఊరి కట్టుబాటు చట్టాన్ని దాటలేదు. కనీసం ఈ నాలుగూ పక్కన పెట్టుకోండి.

ప్రభుత్వ కొనుగోలుకి కేంద్రం ప్రతి ఏడాదీ ఇచ్చే నాణ్యతా ప్రమాణాలు. ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. మట్టీ రాళ్ల లాంటివి 1 శాతం, గడ్డీ తాలు లాంటివి 1 శాతం, దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు 5 శాతం, పాలుపోసుకోని ముడుచుకుపోయిన గింజలు 3 శాతం, తక్కువ రకం కలగలుపు 6 శాతం. రైతు సేవా కేంద్రంలో అమ్మేది ఈ లెక్క మీదే. ప్రైవేటు కొనుగోలుకి ఇవే పెట్టుకోవాలని లేదు గానీ, వేరేవి పెట్టుకుంటే ఎందుకో రాసుకోండి.

తూనికల సంగతి 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం చూస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాకైనా, వే బ్రిడ్జికైనా 12 నెలలకోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. మీ పత్రంలో "కాటా సరిగా ఉండాలి" అని రాయకండి. "ముద్ర గడువు తేదీ కాటా మీద కనపడాలి, గడువు దాటిన కాటా మీద వేసిన తూకం చెల్లదు" అని రాయండి.

ధర రాయకండి. వ్యాపారులు కలిసి కూర్చుని రేటు ఖాయం చేసుకోవడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం నేరుగా తప్పు. "ఈ వారం బస్తా ఇంతకు మించి కొనకూడదు" అనే మాట పాత పత్రాల్లో ఎక్కడో ఒక మూల దాక్కుని ఉంటుంది, వెతకండి. తూకం ఎలా, నెమ్ము ఎలా, డబ్బు ఎప్పుడు అనేవి మీ ఇష్టం. ఎంతకి అన్నది మాత్రం అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య సంగతి.

ఇక తగాదా తీర్చే పెద్దలు. 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం మధ్యవర్తుల సంఖ్య సరిసంఖ్య కాకూడదంటుంది. ముగ్గురిని పెట్టండి. ఒప్పందంలోనే ఆ సంగతి రాసి ఇద్దరి సంతకం ఉంటే తీర్పుకి బలం ఉంటుంది. నోటిమాట పంచాయితీ అయితే తీర్పు నచ్చినవాడే పాటిస్తాడు.

ఇక్కడో మాట. ఆస్ట్రేలియాలో గ్రెయిన్ ట్రేడ్ ఆస్ట్రేలియా అనే సంఘం వాళ్ల ధాన్యం పరిశ్రమ నియమావళిని నడుపుతుంది. వాళ్ల గోధుమలకీ మన స్వర్ణ రకం వరికీ పోలిక లేదు గానీ, ఒక పద్ధతి మాత్రం మనం తీసుకోవచ్చు. మూల నియమావళి ఒకటి ఉంటుంది, పని వివరాలు చెప్పే సాంకేతిక మార్గదర్శకాలు విడిగా ఉంటాయి. మనమూ అలాగే రెండు భాగాలు చేద్దాం. మారని మాటలు మూలంలో, మారే అంకెలు వెనక జాబితాలో. మద్దతు ధర చూడండి. 2024-25లో సాధారణ రకానికి క్వింటా 2,300 రూపాయలు, 2025-26లో 2,369. దాన్ని మూలంలో రాసుకుంటే ఏడాదికోసారి పత్రమంతా తిరగరాయాలి. జాబితాలో ఉంటే ఒక కాగితం మారిస్తే సరిపోతుంది.

నెమ్ము: ఇక్కడ తొందరపడకండి

తగాదాల పుస్తకంలో సగం పేజీలు దీనివే ఉంటాయి. కాబట్టి సగం టైము దీనికే ఇవ్వండి.

మా రెండో సమీక్షకి ముందు జరిగింది చెప్తాను. స్వర్ణ ధాన్యం. కళ్లంలో మీటరు 18.6 చూపించింది. అదే లోడు మిల్లు దగ్గర 20.9. రైతు మొహం ఎర్రబడింది. "దారిలో వాన పడిందేంటండీ?" అన్నాడు. మిల్లు గుమస్తా, "మీ మీటరు మీకు చుట్టం లెండి" అన్నాడు. ఇంకో మాట అయితే చేతులు కలిసేవే. రెండు మీటర్లనీ ఒకే బల్ల మీద పెట్టి, ఒకే గుప్పెడు ధాన్యాన్ని రెంటిలోనూ వేసి చూశాం. తేడా అలాగే ఉంది. ఎవరి మోసమూ కాదు. ఒక మీటరు బియ్యం సెట్టింగులో ఉండిపోయింది. అంతకుముందు ఎవరో బియ్యం చూసి వదిలేశారు. దానికి తోడు కళ్లంలో శాంపిలు తీసింది ఎండకి కాలిన పైపొర నుంచి.

ఆ మధ్యాహ్నం నుంచి పుట్టిన అంశాలు ఇవి. మీవి మీరు రాసుకునేటప్పుడు పనికొస్తాయి.

మీటర్లన్నింటినీ సీజన్ ముందు ఒకచోట చేర్చి, ఒకే ధాన్యం మీద పోల్చి చూడాలి. మిగతావాటికి దూరంగా చూపించేదాన్ని బాగు చేయించేదాకా వాడకూడదు. ప్రతి కాటా రోజునా మీటరు ధాన్యం సెట్టింగులో ఉందో లేదో, బ్యాటరీ ఉందో లేదో ఇద్దరూ చూడాలి. రాశిలో అయితే పైన, నడుమ, అడుగున తీయాలి. సంచుల్లో అయితే ప్రతి పదో సంచి నుంచి. ఎండలో కాలుతున్న ధాన్యాన్ని వెంటనే మీటర్లో పోయకూడదు, నీడలో చల్లారనివ్వాలి. మూడుసార్లు చూసి సగటు తీయాలి.

శాంపిలుని మూడు పొట్లాలు చేయండి. ఒకటి రైతుకి, ఒకటి కొన్నవాడికి, ఒకటి సంఘానికి. పొట్లం మీద ఇద్దరి సంతకం. గుడ్డ సంచిలో పెట్టకండి, రెండు రోజుల్లో ఆరిపోయి అబద్ధం చెప్తుంది. మందపాటి ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా మూయండి.

ఇక తరుగు లెక్క. "పాయింటుకు కిలో" అని అందరం అంటాం, అంటే 17 శాతం దాటిన ఒక్కో శాతానికీ కిలో. దేనికి కిలో? బస్తాకా, క్వింటాకా? ఈ ఒక్క మాటలో ఎంత డబ్బు కొట్టుకుపోతుందో చూడండి.

20 శాతం నెమ్ముతో 75 కిలోల బస్తాలు వంద ఉన్నాయనుకుందాం. మొత్తం 7,500 కిలోలు. 17కి పైన మూడు పాయింట్లు. బస్తాకి కిలో అనుకుంటే తరుగు 300 కిలోలు. క్వింటాకి కిలో అనుకుంటే 225. అసలు పోయే నీరెంత? ధాన్యంలో నీరు కాక మిగిలింది 80 శాతం. ఆరి 17కి వచ్చాక ఆ మిగిలింది 83 శాతం అవుతుంది. అంటే 7,500ని 80తో గుణించి 83తో భాగించాలి. 7,229 కిలోలు వస్తాయి. నిజమైన తరుగు 271 కిలోలు. మొదటి లెక్కలో రైతుకి 29 కిలోలు పోతే, రెండో లెక్కలో కొన్నవాడికి 46 కిలోలు పోతాయి. 2025-26 మద్దతు ధరలో చూస్తే ఒకటి సుమారు 685 రూపాయలు, ఇంకోటి సుమారు 1,090. వంద బస్తాల మీద.

అదృష్టం ఏమిటంటే దీన్ని కాటా దగ్గర గుణించి భాగించే పని లేదు. 17 పైన ఒక్కో పాయింటుకీ బరువులో 83వ వంతు పోతుంది, అంతే. క్వింటాకి 1.2 కిలోలు, 75 కిలోల బస్తాకి 900 గ్రాములు. జాబితాలో ఇలా రాసి పెట్టండి:

18 శాతం అయితే బస్తాకు 0.9 కిలో
19 శాతం అయితే 1.8
20 శాతం అయితే 2.7
21 శాతం అయితే 3.6
22 శాతం అయితే 4.5

పాయింటులో భాగం వస్తే దానికి తగ్గ భాగమే, పైకి తోయకూడదు. 18.4ని 19 చేయడం తరుగు కాదు, కాజేయడం.

ఇక్కడ మిల్లరు న్యాయంగానే ఒక మాట అడుగుతాడు: "ఆరబెట్టడానికి నాకు ఊకా, కరెంటూ, కూలీ ఖర్చవదా?" అవుతుంది. దాన్ని విడిగా, ఆరబెట్టే ఖర్చు అని పేరు పెట్టి, రూపాయల్లో బిల్లులో చూపించమనండి. నీళ్ల బరువులో కలిపి దాచవద్దనండి. రెండూ విడదీసిన రోజున మా దగ్గర గొడవలు చాలా తగ్గాయి. ఖర్చు తగ్గలేదు, కనపడింది అంతే.

సార్వాకీ దాళ్వాకీ ఒకే అంశం పెట్టకండి. సార్వాలో బాధ నెమ్ము. దాళ్వాలో ఎండ మండి గింజ పగులుతుంది, పచ్చి బియ్యం ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. అందుకే దాళ్వా ధాన్యం ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి పోతుంది. నూక మీద తగ్గింపు పెట్టుకోదలిస్తే అది పచ్చి బియ్యానికి కొనేవాళ్లకే వర్తించాలి. ఉప్పుడు మిల్లుకి కొంటూ నూక పేరు చెప్పి తగ్గించడం కుదరదని స్పష్టంగా రాయండి.

సంచి, కాటా

ఇది త్వరగా అయిపోయే పని. 50 కిలోల కొత్త జనపనార సంచి బరువు ప్రమాణం ప్రకారం 580 గ్రాములు. పాతవి, అతుకులు వేసినవి, తడిసినవి ఎంతైనా ఉండొచ్చు. ప్రతి లోడులో పది ఖాళీ సంచులు కలిపి తూచి, పదితో భాగించి అదే సంచి బరువుగా పట్టమనండి. "సంచికి కిలో" అనే అలవాటు ఎక్కడైనా ఉంటే ఈ సమీక్షలో దానికి దండం పెట్టి పంపేయండి.

కాటా సమతలంగా ఉండాలి. మెత్తటి చేను గట్టు మీద పెట్టకుండా చెక్కపలక వేయాలి. మొదటి బస్తాకి ముందు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి, ముద్ర ఉన్న 20 కిలోల రాయి పెట్టి చూడాలి. వే బ్రిడ్జి అయితే లోడు తూకంలో డ్రైవరు, క్లీనరు ఉంటే ఖాళీ తూకంలోనూ ఉండాలి. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ, ఇద్దరు మనుషులంటే రెండు బస్తాల ధాన్యం.

75 కిలోల బస్తా సంగతి కూడా మాట్లాడుకోండి. లెక్క బస్తాల్లో చెప్పుకోవడం మన అలవాటు, అది పోనక్కర్లేదు. మోసేది మాత్రం మనిషి మెడ. నింపడం చిన్న సంచుల్లో, లెక్క కిలోల్లో పెట్టుకోవచ్చు. మా ముఠా మేస్త్రి ఒకటే అన్నాడు: "బస్తా తగ్గిస్తే బస్తా కూలి తగ్గించకూడదండీ, క్వింటా లెక్కన ఇవ్వండి." రాసుకున్నాం.

వాన అంశం

మన డెల్టాలో కట్టుబాట్లు రాసుకుని తుఫాను గురించి రాయకపోతే ఇంటికి తలుపు పెట్టనట్టే. పెథాయ్ 2018 డిసెంబరు 17న మన తీరం దాటింది. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటినా, తడిసింది మన కళ్లాలు కూడా. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర దాటింది. మూడు తేదీలూ చూడండి. చేను పడే రోజుల్లో ఒకటి, కళ్లం నిండా ధాన్యం ఉన్నప్పుడు ఒకటి, బస్తాలు రోడ్డు మీద ఉండే రోజుల్లో ఒకటి. అందుకే వాన అంశాన్ని మూడు స్థితులకి విడిగా రాయాలి.

చేలో ఉన్న పంటకి ముందే బేరం అయి, బయానా తీసుకుని ఉంటే: చేను పడిపోతే బేరం నిలుస్తుందా, రేటు మారుతుందా, బయానా తిరిగివ్వాలా? ఎన్ని రోజుల్లో?

కళ్లంలో రాశిగా ఉంటే: అది ఇంకా రైతుదే. కానీ లారీ పంపుతానని మాట ఇచ్చి పంపకపోతే? మేము ఇలా రాశాం: "కాటాకి ఒప్పుకున్న రోజు దాటిన 24 గంటల తర్వాత తడిస్తే, ఆ నష్టంలో సగం కొన్నవారిది." సగం కావాలా ఇంకొంత కావాలా అని రెండు మీటింగులు నలిగింది. మీరూ నలగండి. వేసవిలో నలిగితే డిసెంబరులో తలలు పగలవు.

కాటా అయి, చీటీ మీద సంతకం పడితే: ఆ క్షణం నుంచి సరుకు కొన్నవాడిది. లారీ రాకపోయినా, పుంత (చేల మధ్య బండి దారి) బురదై ట్రాక్టర్ దిగబడినా. బరకాలు ఎవరు కప్పాలన్నది మాత్రం విడిగా రాయండి. కొన్నవాడు మండపేటలోనో తణుకులోనో ఉంటాడు, బస్తాలు మీ గట్టు మీద ఉంటాయి. వాన మొదలైతే పక్కనున్నవాడే కప్పాలి, ఆ కూలి కొన్నవాడు ఇవ్వాలి.

తడిసిన ధాన్యం మొలకెత్తకుండా 5 శాతం ఉప్పునీళ్లు, అంటే లీటరుకి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమని వ్యవసాయ శాఖవాళ్లు చెప్తారు. రైతు ఆ సలహా పాటిస్తే కొన్నవాడు "ఉప్పు కొట్టిన సరుకు" అని వంక పెట్టకూడదు. ఇది ఒక్క వాక్యం. పెథాయ్ అప్పుడు ఈ వాక్యం లేక ఎంత మాటలు పడ్డామో.

రంగు మారిన గింజకి తగ్గింపు రాసేటప్పుడు నా తప్పు మీరు చేయకండి. మొదటి సమీక్షలో ఆ అంశం రాసింది నేనే. "రంగు మారిన ధాన్యానికి తగిన తగ్గింపు ఉంటుంది" అని అందంగా రాశాను. ఆ డిసెంబరులో ఒక కొనుగోలుదారు గుమస్తా అదే అట్ట చూపించి, రైతు నోరెత్తకుండా రేటు కోసేశాడు. అడిగితే, "తగిన అని మీరే రాశారుగా, మాకు ఇదే తగినది" అన్నాడు. రైతు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మాటల వేట

అందుకని ముసాయిదా అయ్యాక ఎర్ర పెన్ను తీసుకుని ఈ మాటలు వెతకండి: తగిన, వీలైనంత త్వరగా, వాడుక ప్రకారం, సాధారణంగా, అవసరమైతే. ప్రతిదాని పక్కనా ఎంత, ఎప్పటిలోగా, ఎవరు అని రాయండి. రాయలేకపోతే ఆ అంశం మీద ఇంకా ఒప్పందం కుదరలేదన్నమాట. మళ్లీ కూర్చోండి.

తర్వాత దాన్ని ముఠా మేస్త్రికి పైకి చదివి వినిపించండి. ఒక్కసారి విని తిరిగి చెప్పగలిగితే సరే. "ఏంటండీ, ఇంకోసారి?" అంటే ఆ వాక్యం మార్చండి. వకీలు గారికి చూపించడం దీని తర్వాతే. ముందే చూపిస్తే ఆ పత్రం ఆయనకే అర్థమయ్యేలా తయారవుతుంది.

డబ్బు

చెల్లింపు గడువు రోజుల్లో రాయండి, ఏ రోజు నుంచి లెక్కో కూడా రాయండి. కాటా రోజు నుంచా, మిల్లులో దిగుమతి అయిన రోజు నుంచా? కాటా రోజు నుంచే పెట్టమని నా సలహా. దిగుమతి ఎప్పుడవుతుందో రైతు చేతిలో లేదు. గడువు దాటితే వడ్డీ ఎంతో అంకె ఉండాలి.

కౌలు రైతు అమ్మితే డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి పంట సాగుదారు హక్కుల చట్టం ఉంది, సాగుదారు హక్కు పత్రం ఉన్నవాళ్లకి దారి సులువు. అది లేనివాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. భూమి ఆసామి ఖాతాలో డబ్బు పడి, ఆయన తన శిస్తు (కౌలు) పట్టుకుని మిగతాది ఇచ్చేదాకా కౌలుదారు గుమ్మం ముందు తిరగాలి. ప్రైవేటు కొనుగోలులోనైనా "ధాన్యం కాటాకి తెచ్చినవారి ఖాతాకే చెల్లింపు" అని రాసుకోవచ్చు. ఆసాములు ఒప్పుకోరు. మా దగ్గరా మొదట ఒప్పుకోలేదు. శిస్తు ధాన్యం విడిగా కాటా వేసి వాళ్ల పేరు మీద చీటీ ఇచ్చే పద్ధతి పెట్టాక ఒప్పుకున్నారు.

ఇంకోటి, కాకినాడ పోర్టు గాలి. 2023 జులై 20న కేంద్రం బాసుమతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. 2024 సెప్టెంబరు చివర్లో మళ్లీ వదిలింది. అలాంటి ఉత్తర్వు వచ్చిన మర్నాడు ముందు చేసుకున్న బేరాల గతేమిటి? మా పత్రంలో: ఉత్తర్వుకి ముందు కాటా అయిన సరుకుకి పాత రేటే, కాటా కానిదానికి వారం లోపు ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోవాలి, కుదరకపోతే బయానా పూర్తిగా వెనక్కి.

గోదాము

కట్టుబాట్లలో ఇది చిన్న అంశమే గానీ ప్రాణం మీదికొచ్చేది. పురుగుకి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఎవరు పడితే వాళ్లు వాడే మందు కాదు. నిపుణుల పర్యవేక్షణలో, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లే వాడాలి. బిళ్లలు పెట్టిన గోదాము మీద తేదీ రాసిన బోర్డు, తాళం, తెరిచాక గాలి ఆడేదాకా ముఠా లోపలికి పోకూడదన్న నియమం. ఇందులో బేరం పెట్టకండి.

ఊరి ముందు పెట్టడం

ముసాయిదాని నెల రోజులు రైతు సేవా కేంద్రం దగ్గర, మిల్లుల దగ్గర, టీ బడ్డీ దగ్గర అంటించండి. అభ్యంతరాలు నోటిమాటగా వచ్చినా మీరే రాసుకోండి. ప్రతిదానికీ ఒప్పుకున్నాం లేదా కాదన్నాం, ఎందుకో ఒక్క వాక్యం రాయండి. ఎవరి అభ్యంతరాన్ని కాదన్నామో వాళ్లకి ముందే ఆ జవాబు చెప్పండి. మీటింగులో అందరి ముందు మొదటిసారి వింటే మనిషి పట్టుదలకి పోతాడు.

నిజమైన సరుకు మీద ఒకరోజు పెట్టి చూడండి. మేలో ఎవరి గాదెలోనైనా నిలవ ధాన్యం ఉంటుంది. పది బస్తాలు తెప్పించి కొత్త పత్రం ప్రకారం శాంపిలు, మీటరు, సంచి బరువు, తరుగు, చీటీ అన్నీ చేయండి. మాకు ఆ పరీక్షలో తెలిసింది, చీటీలో నెమ్ము రాయడానికి గడే లేదని.

అమలు తేదీ సీజన్ మధ్యలో పెట్టకండి. సార్వా మొదటి కాటా ముందు రోజు పెట్టండి. ప్రతి పేజీ అడుగున అది ఎప్పటి ప్రతో, "2026 జూన్ ప్రతి" లాగా, రాసి ఉండాలి. సెప్టెంబరులో ఒక సాయంత్రం కూర్చుని వెనక జాబితా అంకెలు మాత్రం సరిచూసుకోండి. అప్పటికి కొత్త మద్దతు ధర, నాణ్యతా ప్రమాణాలు వచ్చి ఉంటాయి. మూలాన్ని మూడేళ్లకోసారి తిరగేస్తే చాలు. ఒకే అంశం మీద ఒక సీజన్లో మూడు తగాదాలు వస్తే మాత్రం మూడేళ్లు ఆగకండి.

కొత్తది అంటించేటప్పుడు పాత అట్టని తీసేయండి, పక్కపక్కన ఉంచకండి. రెండూ ఉంటే ఎవరికి కావలసింది వాళ్లు చదువుకుంటారు. పారేయకండి కూడా. పాత తేదీలో కాటా అయి డబ్బు ఇంకా రాని సరుకు ఏదైనా ఉంటే దానికి పాత కట్టుబాటే వర్తిస్తుంది. మాది బీరువాలో పై అరలో ఉంది, "బస్తాకు రెండు కిలోలు" మీద ఎర్ర గీతతో.